కొడుకు టెక్సాస్‌లో, తోట దేవరకొండలో: వీలునామా లేకపోతే ఎవరికెంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. మనిషి పోయాడు, కాగితం రాయలేదు, ఆస్తి కొంత ఇక్కడ, కొంత సముద్రాల అవతల. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాను. ఉత్తరాలను కొంచెం కుదించి, పేర్లు తీసేసి వేస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. మొన్న ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు. కోడలు, ఆరేళ్ల మనవరాలు అక్కడే ఉన్నారు. వీలునామా లేదు. అక్కడ ఇల్లు, బ్యాంకులో డబ్బు, 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఉన్నాయట. ఇక్కడ రెండెకరాల బత్తాయి తోట, నల్గొండలో 200 గజాల ప్లాటు ఉన్నాయి. రెండూ హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు తన జీతంతో కొన్నవే. వాడిని పంపడానికి మేం ఎకరంన్నర అమ్మినం. నాకూ మా ఆయనకూ ఏమైనా హక్కు ఉందా? అడగడానికే మనసు రావట్లేదు.
– ఒక తల్లి, దేవరకొండ మండలం

జవాబు: అమ్మా, అడగడంలో తప్పేం లేదు, మీరు అడగకపోతే రేపు తహసీల్దార్ ఆఫీసులో విరాసత్ (భూమిని వారసుల పేరు మీదకు మార్చడం) పెట్టినప్పుడు వాళ్లే మిమ్మల్ని పిలిచి అడుగుతారు. ముందు ఒక్క విషయం పట్టుకోండి: భూమి, ఇల్లు లాంటి స్థిరాస్తి ఎక్కడ ఉంటే అక్కడి చట్టమే దానికి వర్తిస్తుంది. బ్యాంకు డబ్బు, షేర్లు లాంటి వాటికి పోయినాయన ఏ దేశాన్ని తన శాశ్వత నివాసంగా చేసుకున్నాడో ఆ దేశం చట్టం చూస్తారు. అంటే మీ అబ్బాయి ఒక్కడే అయినా ఆస్తిని రెండు చట్టాలు పంచుతాయి.

ఇక్కడి తోట, ప్లాటు సంగతి తేలిక. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగవాడి ఆస్తికి మొదటి తరగతి వారసులు భార్య, పిల్లలు, తల్లి. ముగ్గురికీ సమానం. కాబట్టి మీకు, కోడలికి, మనవరాలికి తలా మూడో వంతు వస్తుంది. రెండెకరాలు అంటే 80 గుంటలు, మీ వాటా 26 గుంటల పైచిలుకు, ప్లాటులో 66 గజాల పైచిలుకు. మీ ఆయనకు మాత్రం ఏమీ రాదు, ఎందుకంటే తండ్రిని చట్టం రెండో తరగతిలో పెట్టింది, మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయన దాకా రాదు. మనవరాలు అమెరికా పౌరురాలైనా సరే ఆమె వాటా ఎక్కడికీ పోదు. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు ఇక్కడ సాగుభూమి కొనలేరు గానీ వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. ఆ పాప మైనర్ కాబట్టి ఆమె వాటా అమ్మాలంటే వాళ్లమ్మ సంతకం ఒక్కటే చాలదు, కోర్టు అనుమతి కావాలి. కోడలు రేపు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమె వాటా ఆమెదే, ఈ విషయంలో ఊర్లో ఎవరేమన్నా పట్టించుకోకండి. ఆమె రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఇక టెక్సాస్. ఇక్కడ నేను చెప్పేది మీకు కష్టంగా ఉంటుంది. అమెరికాలో వారసత్వ చట్టం దేశమంతటికీ ఒక్కటి కాదు, రాష్ట్రానికొకటి. టెక్సాస్‌లో పెళ్లయ్యాక సంపాదించింది దాదాపు అంతా భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి, సగం ముందే కోడలిది. మిగతా సగం, పిల్లలందరూ ఆ ఇద్దరికీ పుట్టినవాళ్లే అయితే, అదీ భార్యకే పోతుంది. బిడ్డ ఉంది కాబట్టి తల్లిదండ్రులకు అక్కడి చట్టంలో చోటు లేదు. పెళ్లికి ముందు సొంతంగా ఉన్న ఆస్తి అయితే భార్యకూ బిడ్డకూ మధ్య పంపకం, అందులో కూడా మీరు లేరు. 401కె సంగతి ఇంకా వేరు, అది వారసత్వంలోకే రాదు. పెళ్లయిన ఉద్యోగి అందులో వేరే పేరు పెట్టాలంటే భార్య రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అక్కడి కేంద్ర చట్టం చెబుతుంది, లేకపోతే నేరుగా భార్యకే.

ఇదే మీ అబ్బాయి పిల్లలు లేకుండా న్యూజెర్సీలో ఉండి పోయుంటే లెక్క మారేది. అక్కడ భార్యకు ముందుగా నాలుగో వంతు (50 వేల డాలర్లకు తగ్గకుండా, 2 లక్షలకు మించకుండా), మిగిలిన దాంట్లో నాలుగింట మూడు వంతులు, ఆ చివర మిగిలింది తల్లిదండ్రులకు. కాలిఫోర్నియాలో పిల్లలు లేకపోతే పెళ్లికి ముందున్న సొంత ఆస్తిలో సగం తల్లిదండ్రులకు వస్తుంది. లండన్‌లో అయితే పిల్లలు లేకపోయినా భార్య ఉంటే అంతా ఆమెకే, 2014 అక్టోబర్ నుంచి అలా మార్చారు. పిల్లలుంటే భార్యకు మొదట 3,22,000 పౌండ్లు, ఇంట్లో సామాను, మిగిలిన దాంట్లో సగం, రెండో సగం పిల్లలకు. తల్లి అనే మాటే రాదు. జపాన్‌లో భార్యకు సగం, పిల్లలకు సగం, పిల్లలు లేనప్పుడే తల్లిదండ్రులకు మూడో వంతు.

అలాగని మన దగ్గర అందరికీ ఒకే న్యాయం ఉందా అంటే అదీ లేదు. నల్గొండలో ఒకే గల్లీలో మూడిళ్లు తీసుకోండి. హిందూ కుటుంబంలో కొడుకు పోతే తల్లికి వాటా ఉంటుంది, తండ్రికి లేదు. ముస్లిం కుటుంబంలో పిల్లలున్నా సరే తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు తప్పకుండా ఉంటుంది. క్రైస్తవ కుటుంబానికి 1925 భారత వారసత్వ చట్టం, అందులో భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు, పిల్లలుంటే తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఏమీ లేదు. నా మట్టుకు నాకు, కన్నవాళ్లు భూమి అమ్మి పిల్లల్ని చదివించే ఈ ప్రాంతంలో, తల్లినీ తండ్రినీ ఇద్దరినీ లెక్కలోకి తీసుకున్న పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది. మీ ఆయన వాటా సున్నా అని రాయడానికి నాకు చేతులు రావడం లేదు, కానీ చట్టం అదే.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. చాలా దేశాల్లో ముందు పోయినాయన అప్పులు తీర్చాలి, ఆ తర్వాతే పంపకం. అబ్బాయి మీ దగ్గర అప్పుగా తీసుకున్నట్టు కాగితం గానీ బ్యాంకు ద్వారా పంపిన ఆధారం గానీ ఉంటే, అక్కడ ఆస్తి వ్యవహారం చూసే అడ్మినిస్ట్రేటర్ ముందు పెట్టవచ్చు. దానికి గడువులు ఉంటాయి, ఆలస్యం చేయకుండా టెక్సాస్ లాయర్‌ను అడగమని కోడలికే చెప్పండి. ఆమెతో మాట చెడగొట్టుకోకండి, ఇక్కడి విరాసత్‌కు ఆమె సంతకం, అక్కడి కబుర్లకు ఆమె ఫోను, రెండూ మీకు అవసరమే.

ప్రశ్న: మా అక్క గవర్నమెంట్ టీచర్. బావ పోయి పదేళ్లకు పైనే అయింది, పిల్లలు లేరు. అప్పటి నుంచి అమ్మతోనే ఉంది. నిరుడు క్యాన్సర్‌తో పోయింది. మహబూబ్‌నగర్‌లో ఆమె జీతంతో కట్టుకున్న ఇల్లు, నాన్న పోయాక వాటాగా వచ్చిన ఎకరం భూమి ఉన్నాయి. ఇన్నేళ్లు తొంగి చూడని బావ తమ్ముళ్లు ఇప్పుడొచ్చి ఇల్లు మాదంటున్నారు. అమ్మ బతికుండగా వాళ్లదెట్లా అవుతుంది?
– నాగర్‌కర్నూల్

జవాబు: చెల్లె, భూమి విషయంలో నిశ్చింతగా ఉండండి. ఆడమనిషికి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఆమెకు పిల్లలు లేకపోతే, మళ్లీ తండ్రి వారసులకే వెళ్తుంది. అంటే ఆ ఎకరం అమ్మకూ, మీ తోబుట్టువులకూ.

ఇల్లు మాత్రం వేరు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్‌లో ఆడమనిషి స్వార్జితానికి వరుస ఇది: ముందు పిల్లలు, భర్త, వాళ్లు లేకపోతే భర్త వారసులు, వాళ్లు కూడా లేనప్పుడే ఆమె అమ్మా నాన్న. మగవాడు పోతే తల్లి భార్యతో సమానంగా మొదటి వరుసలో ఉంటుంది, ఆడది పోతే అదే తల్లి మరుదుల వెనక నిలబడాలి. 2009లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు, అత్తింటివాళ్లు గెంటేశారు, పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసి నాలుగు పైసలు కూడబెట్టింది, వీలునామా రాయకుండా పోయింది. తల్లి అడిగింది. ఆడపడుచు కొడుకులూ అడిగారు. కోర్టు సానుభూతి ఉన్నా చట్టంలో ఉన్నది ఇదే అంటూ భర్త వైపుకే ఇచ్చింది. అంతకు ముందు సంవత్సరమే, 2008లో, లా కమిషన్ తన 207వ నివేదికలో ఈ సెక్షన్ మార్చాలని, పుట్టింటివాళ్లకూ వాటా ఉండాలని చెప్పింది. సెక్షన్ మాత్రం మారలేదు.

ఇది ఎంత అన్యాయమో తెలియాలంటే పక్కకు చూస్తే చాలు. మీ అక్క క్రైస్తవురాలైతే అదే ఇల్లు పుట్టింటికే వచ్చేది, ఎందుకంటే 1925 చట్టంలో పోయింది ఆడా మగా అన్న తేడా లేదు. ముస్లిం అయితే అమ్మకు వాటా ఖాయం, బావ తమ్ముళ్లు అసలు వారసులే కారు. లండన్‌లోనో టోక్యోలోనో ఉండుంటే, భర్తా పిల్లలూ లేని మనిషి ఆస్తికి మొదట వచ్చేది కన్నవాళ్లే.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. అక్క బీరువా, డైరీలు, స్కూల్ ఫైళ్లు, బ్యాంకు లాకరు అన్నీ వెతకండి. క్యాన్సర్‌తో పోరాడిన మనిషి ఎక్కడో ఒకచోట ఏదైనా రాసి పెట్టి ఉండవచ్చు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెల్లకాగితం మీద రాసి, ఆమె సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చెల్లుతుంది. ఇల్లు కట్టడానికి అమ్మ డబ్బు పెట్టి ఉంటే ఆ ఆధారాలూ తీయండి. బేరం కుదిర్చే పెద్దమనుషుల ముందు అవి పనికొస్తాయి. ఈ జవాబు చదువుతున్న ఉద్యోగం చేసే ఆడవాళ్లందరికీ, ముఖ్యంగా ఒంటరిగా ఉన్నవాళ్లకు, చేతులెత్తి చెబుతున్నా, ఈ వారంలోనే వీలునామా రాయండి.

ప్రశ్న: నా చిన్నప్పుడే మా నాన్న పోయారు. దాదాకు (నాన్న వాళ్ల నాన్నకు) ఎనభై దాటాయి, ఇద్దరు చాచాలు (బాబాయిలు) ఉన్నారు. దాదా పోతే నాకు, మా చెల్లికి ఏమీ రాదని చాచాలు అంటున్నారు. దాదాకేమో మాకు ఇవ్వాలనే ఉంది. నిజంగా రాదా?
– మహబూబ్‌నగర్

జవాబు: వాళ్లు చెప్పింది మన దేశంలో నిజమే. ఇక్కడ ముస్లింలలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, కొడుకు బతికుండగా చనిపోయిన కొడుకు పిల్లలకు వారసత్వం రాదు. ఇదే హిందువుల్లో అయితే పోయిన తండ్రి వాటా పిల్లలకు దిగుతుంది. ఆశ్చర్యమేంటంటే చాలా ముస్లిం దేశాలు దీన్ని ఎప్పుడో సరిదిద్దుకున్నాయి. ఈజిప్టు 1946లోనే, తాత రాయకపోయినా అనాథ మనవళ్లకు మూడో వంతుకు మించకుండా ఇచ్చినట్టే భావించాలని చట్టం చేసింది. పాకిస్తాన్ 1961 ఆర్డినెన్సులో నాలుగో సెక్షన్ పెట్టి, తండ్రి బతికుంటే ఎంత వచ్చేదో అంతా పిల్లలకు ఇవ్వాలంది. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ అదే నడుస్తోంది. మన దగ్గరే అలాంటిది లేదు.

అయితే మీకు మంచి విషయం ఏమిటంటే దాదా బతికున్నారు, ఆయనకు మనసు ఉంది. రెండు దారులున్నాయి. ఒకటి వసీయత్, అంటే వీలునామా. ముస్లిం మనిషి తన ఆస్తిలో మూడో వంతు దాకా వారసులు కానివాళ్లకు ఎవరి అనుమతీ లేకుండా రాసివ్వవచ్చు. చాచాలు ఉండగా మీరిద్దరూ వారసులు కారు కాబట్టే మీకు రాయడానికి అడ్డు లేదు. రెండోది హిబా, బతికుండగానే ఇచ్చేయడం. దానికి మూడో వంతు పరిమితి లేదు, కానీ ఆయన ఇస్తున్నానని చెప్పాలి, మీరు తీసుకోవాలి, ఆస్తి మీ చేతికి రావాలి. ఇల్లయినా పొలమైనా రిజిస్టర్ చేయించుకోండి, లేకపోతే రికార్డులో పేరు ఎక్కించేటప్పుడు ఇబ్బంది పడతారు. ఆయన ఆరోగ్యంగా, తెలివిలో ఉన్నప్పుడే చేయించండి. చావుబతుకుల్లో మంచం మీద ఉండి ఇచ్చిన దానికి మళ్లీ మూడో వంతు పరిమితి వచ్చి పడుతుంది.

ప్రశ్న: దుబాయ్‌లో డ్రైవర్ పని చేస్తున్నా. హిందువుని. ఇక్కడ పోతే ఆస్తి షరియా ప్రకారం పంచుతారని రూమ్‌మేట్లు భయపెడుతున్నారు. బ్యాంకులో కొంత డబ్బుంది. టెన్షన్‌గా ఉంది.
– జడ్చర్ల నుంచి వెళ్లిన పాఠకుడు

జవాబు: అది పాత మాట తమ్ముడూ. ముస్లింలు కానివాళ్ల కోసం యూఏఈ 2022లో కొత్త చట్టం తెచ్చింది, 2023 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. వీలునామా లేకపోతే సగం భార్యకు, సగం పిల్లలకు, కొడుకూ కూతురూ సమానం. కావాలంటే మన దేశం చట్టం వర్తింపజేయమని వారసులు అడగవచ్చు. తేడా గమనించావా, అక్కడి లెక్కలో పిల్లలుంటే అమ్మకు రాదు, మన చట్టం అడిగితే అమ్మకూ వస్తుంది. ఊర్లో భూమికి ఎలాగూ మన చట్టమే. అమ్మకు కొంత చేరాలని ఉంటే అక్కడ ఉన్న డబ్బుకు అక్కడే వీలునామా రాసి రిజిస్టర్ చేయించు.

ప్రశ్న: నాన్న పోయి ఆరు నెలలైంది. అన్నలు ఏవో కాగితాలు తెచ్చి "కట్నం ఇచ్చినం గదా, విరాసత్‌కు సంతకం పెట్టు" అంటున్నారు. నా పెళ్లి 1998లో అయింది.
– కల్వకుర్తి

జవాబు: కట్నం వేరు, వాటా వేరు. కట్నం ఇచ్చినంత మాత్రాన హక్కు పోతుందని ఏ చట్టంలోనూ లేదు, పైగా కట్నం ఇవ్వడమే నేరం. నాన్న స్వార్జితంలో మీరు, అన్నలు, అమ్మ సమానం. తాతల నాటి భూమిలో కూడా మీకు అన్నలతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు ఆ హక్కు వచ్చింది, మీ పెళ్లి ఆ తర్వాతే కాబట్టి మీకు అప్పుడే వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే 2005 సవరణ దాన్ని కదిలించదు, మీ భూమికి అలాంటిది ఉందేమో చూసుకోండి. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నామంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. తహసీల్దార్ ముందు "నాకేమీ వద్దు" అని పెట్టిన సంతకం తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మీకు ఇష్టమై వదులుకుంటే అది వేరే సంగతి, అది మీ చేతుల్లో ఉన్న విషయం. ఫ్రాన్స్‌లో అయితే తండ్రి వీలునామా రాసినా పిల్లల వాటా తీసేయలేడు, ఒక్క సంతానమైతే సగం, ఇద్దరైతే మూడింట రెండు వంతులు, ముగ్గురు ఆపైన ఉంటే నాలుగింట మూడు వంతులు వాళ్లకు కేటాయించి పెట్టాల్సిందే. మన దగ్గర స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా రాయవచ్చు, అందుకని నాన్న వీలునామా ఏదైనా ఉందా అన్నది ముందు కనుక్కోండి.

ప్రశ్న: అమ్మ పేరు మీద బ్యాంకులో ఎఫ్‌డీ ఉంది, నామినీ తమ్ముడు. అంతా వాడిదేనా?
– నకిరేకల్

జవాబు: కాదు. బ్యాంకు డబ్బు అతని చేతికిస్తుంది, అతను మిగతా వారసులకు పంచాలి. షేర్ల విషయంలోనూ నామినీ యజమాని కాడని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో దీనికి పూర్తిగా తలకిందులు, పెళ్లయినవాళ్ల 401కె సంగతి పైన చెప్పాను, అది తప్ప అక్కడ ఖాతాలో లబ్ధిదారుగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్ల సొంతం, వారసులు అడగలేరు. పెళ్లికి ముందు అమ్మ పేరో తమ్ముడి పేరో పెట్టి మర్చిపోయినవాళ్లు, విడాకులైనా పాత పేరే ఉంచేసినవాళ్లు ఈ ఆదివారం కూర్చుని ఒక్కొక్క ఖాతా తెరిచి చూసుకోండి.

ప్రశ్న: ఇక్కడా అక్కడా ఆస్తి ఉంటే ఒక్క వీలునామా సరిపోతుందా?
– మిర్యాలగూడ నుంచి అట్లాంటా వెళ్లిన దంపతులు

జవాబు: చట్టం ఒప్పుకుంటుంది గానీ ఆచరణలో రెండు రాయడమే మేలు. ఇక్కడి భూములకు తెలుగులో ఒకటి, సర్వే నంబర్లు, విస్తీర్ణం, పట్టాదారు పాసుబుక్కు నంబర్లతో సహా. అక్కడి ఆస్తికి అక్కడి లాయర్‌తో ఒకటి. రెండోది రాసేటప్పుడు "గతంలో రాసినవన్నీ రద్దు" అనే మామూలు వాక్యం పెడితే మొదటిది ఎగిరిపోతుంది, కాబట్టి ఏ దేశం ఆస్తికి ఏ వీలునామా అన్నది రెండింట్లోనూ స్పష్టంగా రాయించండి. సాక్షులుగా ఆస్తి వచ్చేవాళ్లను పెట్టకండి, మీకంటే చిన్నవాళ్లను, ఊర్లో అందుబాటులో ఉండేవాళ్లను పెట్టండి. రేపు కోర్టుకు వచ్చి "మా ముందే సంతకం పెట్టారు" అని చెప్పాల్సింది వాళ్లే.